గేటుకో మంచం

పర్లాకిమిడిలో మా బావగారింటి గేటు అడుగున తుప్పు పట్టి ఊడిపోయింది. వెల్డరు చెప్పిన రేటు విని బావ, "దానికి ఇంకొంచెం కలిపితే వెల్డింగ్ మిషనే వస్తుంది" అన్నాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. ఆ ఇంకొంచెం ఎంతో మాత్రం చెప్పలేదు.

సాయంత్రానికి అరుగు నిండిపోయింది. పెళ్లి సంబంధానికి కూడా అంతమంది సలహాదార్లు రారు. పక్కింటి పెద్దాయన పాతరకం మిషను, అంటే కాపర్ వైండింగ్ ట్రాన్స్‌ఫార్మరే కొనమన్నాడు, మనవల దాకా పనిచేస్తుందట. నిజమే, మనవలంతా వచ్చి పట్టుకుంటే గానీ అది కదలదు కూడా. ఫోన్లో వీడియోలు చూసిన మేనల్లుడు మిగ్ అన్నాడు, అంటే గ్యాస్ వదులుతూ తీగతో అతికే మిషను. బాగానే ఉంది, గ్యాస్ సిలిండరు ఎవరు మోస్తారు? పైగా పెరట్లో గాలికి ఆ గ్యాసు ఎగిరిపోతే అతుకు నిండా బొరియలే. బావ మాత్రం 400 ఆంప్స్ మీద మనసుపడ్డాడు. పెద్దది కొంటే చిన్న పనీ చేస్తుందని.

పాతపట్నం వెళ్లాం. షాపాయన ఒకే ప్రశ్న వేశాడు: "ఇంటికి త్రీఫేజ్ ఉందా మాస్టారూ?"

లేదు. 400 ఆంప్స్ మిషనుకి అది కావాలట. దాంతో 200 ఆంప్స్ సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ మిషను, చేత్తో మోసేంత తేలికది, చేతిలో పెట్టాడు. పల్చటి గేటు గొట్టాలకి 12 గేజి రాడ్డు, 80 ఆంప్స్ చాలన్నాడు. డ్యూటీ సైకిల్ 60 శాతం, అంటే ఫుల్లు కరెంటు మీద పది నిమిషాల్లో ఆరు నిమిషాలు పని, నాలుగు నిమిషాలు విశ్రాంతి. ఇంటికొచ్చి బావ ఇదంతా వివరిస్తే అక్క, "సర్వీసులో మీకంటే నయమే" అంది.

గేటుని పెరట్లో ఇనప నవారు మంచం మీద పడుకోబెట్టి, మిషనుకి కరెంటు తిరిగొచ్చే ఎర్త్ క్లాంపుని మంచం కోడుకి తగిలించాడు బావ. రాడ్డు ఎంత గీసినా నిప్పురవ్వ లేదు. మంచానికీ గేటుకీ కలిపి ఎన్ని పూతల రంగుందో, కరెంటు దాటితేగా! మిషను డూప్లికేటని బావ తేల్చేశాడు. మేనల్లుడు క్లాంపు తీసి, గేటు మీద రంగు గీకి అక్కడ పెట్టాడు. వెలిగింది. అరుగు మీద చప్పట్లు.

అయితే అది అందరూ మోటార్లు వేసే వేళ. వోల్టేజీ పడిపోయి రాడ్డు అతుక్కుపోతోంది. బావ నాబ్ 150కి తిప్పాడు. సరిగ్గా అప్పుడే ఎదురింటాయన మోటారు ఆపాడు. భగ్గుమంది. గొట్టానికి బెజ్జం పడింది, నవారు కమురు వాసన, అక్క కేకలు. పొగ తగ్గాక బావ గేటు పట్టుకుని లేపాడు. మంచం కూడా లేచింది. రెండూ అంత గట్టిగా అతుక్కున్నాయి.

(అతుకు నాణ్యత గురించి ఎవరూ మాట్లాడలేదు గానీ, నేను చూశాను. ఫస్ట్ క్లాస్.)

మర్నాడు ఆ వెల్డరే గ్రైండరు పట్టుకుని వచ్చాడు. చుట్టూ ఓసారి తిరిగి, "ముందు ఏటి కొయ్యాలి మాస్టారూ, గేటా, మంచవా?" అన్నాడు. కటింగ్ వీలు అరిగేదాకా కోసి, గేటు అతికి, అడిగిన దానికంటే ఎక్కువే పుచ్చుకున్నాడు. వెళ్తూ వెళ్తూ మూలనున్న మిషను చూసి ఆగిపోయాడు.

"నాది రిపేరుకెళ్లింది. ఇది నెలకి అద్దెకిస్తారా?"

బావ కళ్లజోడు సర్దుకుని, కాగితం పెన్ను తెమ్మని అక్కని కేకేశాడు.