కోత ఆగదన్నాడు, కొరత రాదనలేదు

ఇంద్రధనుస్సును, రుతువుల క్రమాన్ని దేవుని నమ్మకత్వానికి గుర్తులుగా చూపిన ఒక వ్యాసం చదివాను. అది బైబిలు మొదటి గ్రంథమైన ఆదికాండం దగ్గరే ఆగిపోకుండా యిర్మీయా ప్రవక్త గ్రంథం 33వ అధ్యాయం వరకు వచ్చి ఉంటే వాదనకు మరింత బలం చేకూరేది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించగా, శత్రువు వేసిన ముట్టడి దిబ్బలను ఎదుర్కోవడానికి నగరవాసులు తమ ఇళ్లనే పడగొట్టుకుంటుండగా, చెరసాల ప్రాకారంలో బందీగా ఉన్న ప్రవక్తకు వచ్చిన మాట అది: పగటితోను రాత్రితోను దేవుడు చేసిన నిబంధనను మీరు భంగపరచగలిగితేనే దావీదు రాజుతో, అతని సంతతి సింహాసనంపై ఉంటుందని చేసిన నిబంధన కూడా భంగమవుతుంది. కళ్లెదుట కూలుతున్నది ఆ దావీదు సింహాసనమే. అయినా తెల్లవారడం మాత్రం ఆగలేదు. ప్రకృతిని సాక్షిగా పిలవడానికి అంతకంటే కష్టమైన సందర్భం నాకు తోచదు.

అయితే, నమ్మినవారి పంటకు నష్టం రాదన్నట్లుగా వ్యాసం చివర కనిపించే ధోరణితో ఏకీభవించలేను. జలప్రళయం తర్వాత నోవహు కాలంలో దేవుడిచ్చిన వాగ్దానంలో వెదకాలం, కోతకాలం ఆగవని ఉంది గాని ప్రతి కోతా నిండుగా ఉంటుందని లేదు. సమస్త శరీరులను నాశనం చేసే జలప్రళయం మళ్లీ రాదని ఉంది గాని ఏ ఊరూ మునగదని లేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలమంది పోయారు. వారిలో ప్రార్థించేవారు లేరని ఎవరనగలరు? పైగా లుస్త్ర పట్టణంలో అపొస్తలుడైన పౌలు వర్షాన్ని, ఫలవంతమైన రుతువులను సాక్ష్యంగా చూపింది క్రైస్తవ సంఘానికి కాదు, గ్రీకుల దేవుడైన ద్యుపతి పూజారితో కలిసి పౌలు, బర్నబాలకే బలి అర్పించబోయిన జనసమూహానికి (అపొ. కార్యములు 14:17). వానను మన విశ్వాసానికి దక్కిన ప్రతిఫలంగా చెప్పుకోవడానికి ఆ వచనం చోటివ్వదు.