చెట్టు బొమ్మకు చెట్టెందుకు?

చైనా కుంచె చిత్రకళలో చెట్టు వేయడం నేర్చుకుంటున్న వారందరికీ ఒక మనవి. దయచేసి చెట్ల వైపు చూడకండి. పార్కుల్లో, రోడ్ల పక్కన నిలబడి ఉండే చెట్లలో చాలావాటికి శాస్త్రజ్ఞానం లేదు. ఎండ ఎటుంటే అటు పెరుగుతాయి. వాటి సావాసం పడితే మీ చెయ్యి కూడా అలాగే పాడవుతుంది.

చూడవలసింది పుస్తకం. 'ఆవగింజ తోట' చిత్రలేఖన గ్రంథం మొదటి భాగం 1679లో వచ్చింది. కూర్చినవాడు వాంగ్ గై. ఆవగింజ తోట అనేది నాన్‌జింగ్‌లో రచయిత లీ యూ తోట. దాని పేరు పెట్టుకున్న ఈ పుస్తకం, మూడు వందల ఏళ్లుగా ఎవరూ తోటలోకి వెళ్లే అవసరం లేకుండా చేస్తోంది.

ముందు ఆకుల్లేని మోడు వేయాలి. కొమ్మలు పైకి లేస్తే జింక కొమ్ములు, కిందికి వంగితే పీత గోళ్లు. పైన్ బెరడుకు చేప పొలుసులు. ఆకుల దగ్గరికొస్తే మిరియపు చుక్కలు, ఎలుక పాదపు చుక్కలు, ఇవి చాలకపోతే చైనా లిపిలోంచి ఒకటి రెండు అక్షరాలు. అడవి నుంచి, ఏటి నుంచి, వంటింటి నుంచి, బడి నుంచి సరుకంతా వచ్చి చేరాక చెట్టు పూర్తవుతుంది. చెట్టు దగ్గర్నుంచి మాత్రం ఏమీ తీసుకోలేదు. పరిశుద్ధమైన కళ అంటే ఇదీ.

రెండు చెట్లు వేయాలంటే కుటుంబ మర్యాదలు తెలియాలి. పెద్ద చెట్టు పక్కన చిన్నది చేరిస్తే వృద్ధులను మోయడం. చిన్న చెట్టు పక్కన పెద్దది చేరిస్తే పిల్లలను చెయ్యి పట్టుకుని నడిపించడం. ముసలి చెట్టు ఆప్యాయత ఒలకబోయాలి, పిల్ల చెట్టు వయ్యారంగా నిలబడాలి, రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉండాలి. ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటూ భోంచేసే ఇళ్లలో పుట్టిన విద్యార్థి ఇది ఎలా ఊహిస్తాడో నాకు తెలియదు. అది వాళ్ల గురువుగారి టెన్షన్.

మూడు చెట్లయితే మొదళ్లు ఒకే వరసలో, తలలు ఒకే ఎత్తులో ఉండకూడదు. ఉంటే కట్టెల మోపు అంటుంది పుస్తకం. ఈ లెక్కన హైవే డివైడర్ల మీద నాటినవన్నీ కట్టెల మోపులే. సంబంధిత మొక్కలకు నోటీసులు వెళ్లాలి. ఇక ఐదు చెట్లు చేతికొస్తే వేల చెట్లు వచ్చినట్టేనట, అంటే అరణ్యం కూడా సిలబస్‌లో కవరైపోయింది.

పదో శతాబ్దంలో జింగ్ హావో అనే చిత్రకారుడు తైహాంగ్ కొండల్లో కూర్చుని, పైన్ చెట్లను వేలకు వేలు గీశాకగానీ నిజం చెట్టులా రాలేదని రాశాడు. పాపం, ఏడు వందల ఏళ్లు ముందు పుట్టేశాడు. పుస్తకం ఉండి ఉంటే ఆ కొండ ఎక్కేవాడే కాదు.

అలాగని ఈ కళ చెట్టును బొత్తిగా పట్టించుకోలేదనడం అన్యాయం. కుంచె పిడి వెదురుది. ఆన్హుయి ప్రాంతపు షువాన్ కాగితంలో ఛింగ్‌టాన్ అనే చెట్టు బెరడు, వరిగడ్డి ఉంటాయి. సిరా పైన్ కట్టెలు కాల్చిన మసి. ఈ మసి కోసం షాండోంగ్ వైపు పైన్ అడవులు అయిపోయాయనీ, ఇప్పుడు తైహాంగ్ దాకా వచ్చారనీ, పైన్ కొండలు సగానికి పైగా బోడి అయ్యాయనీ పదకొండో శతాబ్దంలో షెన్ కువో అనే పండితుడు రాసిపెట్టాడు. ఆయన మందు కూడా చెప్పాడు: భూమిలోంచి ఊరే నూనెను కాల్చి, ఆ మసితో సిరా చేయించాడు. అప్పటికే జింగ్ హావో గీసిన కొండలు సిరా బిళ్లలవుతున్నాయి. ప్రకృతికి ఇంత దగ్గరగా వెళ్లిన కళ మరొకటి ఉంటే చూపించండి.

ఇంత చెప్పాక కూడా క్లాసులో ఎవరో ఒకరు ని ట్సాన్ పేరు ఎత్తుతారు. పద్నాలుగో శతాబ్దపు చిత్రకారుడైన ఈ మహానుభావుడు, తాను వేసిన వెదురును చూసి జనుము అనుకున్నా రెల్లు అనుకున్నా తాను వాదించనన్నాడు. బొమ్మ కుదరని ప్రతి విద్యార్థికీ ఈ ఒక్క మాట మాత్రం కంఠతా వస్తుంది. కానీ ఆయన శుభ్రత పిచ్చితో తోటలోని వుటుంగ్ చెట్లను నౌకర్ల చేత కడిగించేవాడని కూడా చెబుతారు. ఆ భాగం ఎవరికీ గుర్తుండదు. కాబట్టి ఆయన పేరు చెప్పుకునే వాళ్లు ముందు ఒక బకెట్, పాత బట్ట పట్టుకుని బయల్దేరాలి. బెరడు సందులు కూడా తుడవాలి. గురువుగారు వేలితో రుద్ది చూస్తారు.