బావగారి నెట్ బ్యాంకింగ్ ముహూర్తం

ఆన్‌లైన్ దొంగ అంటే చీకటి గదిలో తలమీదికి ముసుగు లాక్కుని, పచ్చటి అక్షరాల వానలో తడుస్తూ, కీబోర్డును మృదంగంలా వాయించే మేధావి అని టీవీ వాళ్లు మనకు నేర్పారు. పాపం, అతనికి అంత శ్రమ ఎందుకండీ? బ్యాంకు పేజీలాంటి పేజీ ఒకటి తయారు చేసి, గూగుల్‌లో పైవరుసలో ఓ ప్రకటన కొనుక్కుని కాలు మీద కాలేసుకుని కూర్చుంటే చాలు. మనమే వెతుక్కుంటూ వెళ్లి యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఓటీపీ వరసగా సమర్పించుకుని వస్తాం. ఇరవై ఏళ్లుగా ఖాతా ఉన్న బ్యాంకు వెబ్‌సైటు చిరునామాను ప్రతిసారీ కొత్తగా గూగుల్‌ను అడిగే ఈ అలవాటు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మీకూ మండుతూనే ఉంటుంది. ప్రతి ఇంట్లోనూ ఇలాంటివారు ఒకరైనా ఉంటారు.

మా ఇంటికి ఆ కొరత తీర్చినవారు మా బావగారు. రిటైరైన ఉద్యోగి, మహా జాగ్రత్తపరులు. ఆయన కరెంటు బిల్లు కట్టే రోజు ఇంట్లో వాతావరణం వేరుగా ఉంటుంది. ముందు పంచాంగం తీసి వర్జ్యం, రాహుకాలం చూస్తారు. తలుపు గడియ వేస్తారు. కిటికీ కర్టెన్ దించుతారు, ఎదురింటి మేడ మీద బట్టలు ఆరేసే పనిమనిషి పాస్‌వర్డ్ చదివేస్తుందేమోనని. మా అక్కను వంటింట్లోకి, మనవణ్ణి వీధిలోకి పంపిస్తారు. ఫ్యాన్ ఆపేస్తారు, ఎందుకంటే పాస్‌వర్డ్ రాసుకున్న చీటీ ఆ పంచాంగంలోనే కర్కాటక రాశి ఫలాల దగ్గర ఉంటుంది, ఎగిరిపోతే ఇంకేమైనా ఉందా! చెమటలు కక్కుతూ భుజం మీది తుండు తీసి కీబోర్డు మీద కప్పుతారు. ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసిన భార్యకు కూడా తెలియని ఆ పాస్‌వర్డును తుండు కింద చెయ్యి పెట్టి, చూపుడు వేలితో ఒక్కో అక్షరం తడుముతూ కొడతారు.

ఎక్కడ కొడతారు? గూగుల్‌లో బ్యాంకు పేరు కొట్టి, పక్కన లాగిన్ అని చేర్చి, మొట్టమొదట ఏది వస్తే దాంట్లో. దానిపైన చీమ తలకాయంత అక్షరాల్లో ‘స్పాన్సర్డ్’ అని ఉంటుంది. అంటే ఎవరో డబ్బు కట్టి అక్కడ కూర్చున్నారని. "మొదట వచ్చిందంటే పేరున్నదే అయ్యుంటుందోయ్" అంటారు బావగారు. బెండకాయ కొన విరవకుండా పావుకిలో కొనని మనిషి!

ఆయన బ్రౌజర్లో బుక్‌మార్కులు, అంటే మళ్లీ వెళ్లడానికి దాచుకునే చిరునామాలు, లేవనుకునేరు, బోలెడు ఉన్నాయి. తిరుమల దర్శనం టికెట్లు, మీభూమి, 2013 ఎంసెట్ ర్యాంకులు, గోంగూర నిల్వ పచ్చడి, ఎవరిదో గృహప్రవేశం ఫొటోలు. పదేళ్లు దాటిపోయిన ర్యాంకులకు దొరికిన చోటు పెన్షన్ పడే బ్యాంకుకు దొరకలేదు. ఎందుకు పెట్టుకోలేదని అడిగాను. ఆయన గొంతు తగ్గించి, "బుక్‌మార్క్‌లో పెడితే హ్యాకర్లు చూసేస్తారు కదటోయ్" అన్నారు. బుక్‌మార్క్‌లో ఉండేది చిరునామా ఒక్కటేనని, అందులో పాస్‌వర్డ్ గానీ ఖాతా నంబరు గానీ ఉండవని చెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు. అడ్రస్ గడి కుడి చివరన నక్షత్రం గుర్తు ఉంటుంది, అది నొక్కితే సరి. కంప్యూటర్లో కంట్రోల్ పట్టుకుని డి నొక్కినా అదే పని. ఫోన్లో అయితే మూడు చుక్కల మెనూలో ఉంటుంది. అశ్విని నుంచి రేవతి దాకా ఇరవై ఏడూ గడగడా చెప్పగల మనిషికి ఈ ఇరవై ఎనిమిదో నక్షత్రం మాత్రం కనపడదు.

చివరికి ఒప్పుకున్నారు. మర్నాడు ఫోన్ చేసి "పెట్టేశానోయ్, ఇక టెన్షన్ లేదు" అన్నారు. వెళ్లి చూస్తే గూగుల్ వెతుకులాట పేజీని, ఆ ప్రకటనలతో సహా, బుక్‌మార్క్ చేసి పెట్టుకున్నారు.

అక్కడితో ఆగలేదు. "తాళం గుర్తు కూడా ఉంది చూడు" అని వాదన. ఆ తాళానికి అర్థం మీకూ ఆ సైటుకూ మధ్య జరిగే మాటలు మూడోవాడు వినలేడని మాత్రమే. అవతల కూర్చున్నది బ్యాంకా, దొంగా అన్నది తాళం చెప్పదు. ఆ తాళం కనపడేలా చేసే సర్టిఫికెట్ దొంగకూ ఉచితంగానే దొరుకుతుంది. జనం దాన్ని చూసి మరీ మోసపోతున్నారని గూగుల్ వాళ్లే 2023లో తమ క్రోమ్ బ్రౌజర్ అడ్రస్ గడి నుంచి ఆ గుర్తు తీసేశారు. పోనీ ఓటీపీ కాపాడుతుందా? మీరు దొంగ పేజీలో కొట్టిన పాస్‌వర్డును వాడు అప్పటికప్పుడు అసలు బ్యాంకులో కొడతాడు. అసలు బ్యాంకు నుంచి అసలైన ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది. మీరు దాన్ని భద్రంగా తెచ్చి వాడి పేజీలోనే పెడతారు. ఎవరో పంపిన ఏపీకే ఫైలు, అంటే ఊరూపేరూ తెలియని యాప్, ఫోన్లో ఎక్కించుకున్నవాళ్లను బుక్‌మార్క్ కాపాడలేదు, అది వేరే రోగం. దారి తప్పి దొంగ పేజీకి వెళ్లే రోగానికి మాత్రం ఇంతకంటే చవకైన మందు లేదు. పాస్‌బుక్కులోనో డెబిట్ కార్డు వెనకో ఉన్న చిరునామాను ఒక్కసారి చూసి కొట్టుకుని, నక్షత్రం నొక్కేసి, తర్వాత అక్కడి నుంచే వెళ్లడం. అంతే.

రిజర్వ్ బ్యాంకు మంచి పనే చేసింది. బ్యాంకులన్నీ ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ (.bank.in) అనే చిరునామాకు మారాలని చెప్పి, 2025 అక్టోబర్ 31 గడువు పెట్టింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం మన హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉన్న బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే. ఊరూపేరూ లేనివాడు డబ్బిచ్చి కొనుక్కుందామన్నా కుదరదు. కానీ ఈ చిరునామా ఎలా చదవాలో ఖాతాదారుకు ఎవరు చెప్పారు? ‘బ్యాంక్’కు ముందు చుక్క ఉండాలి. చుక్క బదులు చిన్న అడ్డగీత (-) ఉంటే అది ఎవడైనా కొనుక్కోగల వేరే పేరు. ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ తర్వాత ఏటవాలు గీటు (/) రాకముందే ఇంకో చుక్క, ఇంకో పేరు తగులుకుంటే అదీ దొంగదే. డెబ్బై ఏళ్ల పెద్దాయన, శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లతో, ఐదంగుళాల ఫోన్లో, చుక్కకూ గీతకూ తేడా పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే ఆయనకు ‘అవగాహన లేదు’.

ఈ అవగాహన అనే మాట వింటేనే నాకు కడుపు రగిలిపోతుంది. నా బ్యాంకు నాకు పంపే మెసేజ్‌లో పై వాక్యం ‘లింకుల మీద క్లిక్ చేయకండి’. అదే రోజు సాయంత్రం వచ్చే మెసేజ్‌లో ముందే మంజూరైన లోన్, కింద కురచ లింకు, నొక్కితే ఎక్కడికి పోతుందో బ్రహ్మకు కూడా తెలియదు. బ్యాంకువారూ, పదేళ్లుగా లింకులు నొక్కడం నేర్పింది మీరు. డబ్బు పోయాక "మీరే ఓటీపీ ఇచ్చారు కదండీ" అని కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా అనేదీ మీరే. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఏ బ్రాంచి గోడ మీదైనా చూశారా? ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయినా, ఫిర్యాదు చేసిన క్షణం తర్వాత జరిగే నష్టం బ్యాంకే భరించాలని అందులో ఉంది. తప్పు ఖాతాదారుదే అని నిరూపించాల్సిన భారం బ్యాంకుదే అనీ ఉంది. ఆ ముక్క ఎవరూ చెప్పరు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం ఉంటుందని కూడా, ఆ నిమిషాలు కాస్తా దాటిపోయాక, పక్కింటివాళ్లు చెబితే తెలియాలి. ఇక ఆ సెర్చ్ కంపెనీలు! నిన్న ఒక ముసలాయన దగ్గర కొట్టేసిన డబ్బుతో దొంగ ఇవాళ ప్రకటన కొంటాడు, వీళ్లు ఆ డబ్బు తీసుకుని రేపటి ముసలాయన్ను వాడి దగ్గరికి పంపిస్తారు. దీన్ని వ్యాపారం అనాలట.

బావగారి తరఫున కొత్త చిరునామా కనుక్కుందామని మొన్న బ్రాంచికి వెళ్లాను. గోడ నిండా పోస్టరు. చెయ్యెత్తి ఆపుతున్న పోలీసు బొమ్మ, ‘మా అధికారిక వెబ్‌సైట్‌ను మాత్రమే వాడండి’ అని ఎర్ర అక్షరాలు. అంత పోస్టరులో ఆ వెబ్‌సైట్ పేరు ఏ మూలనా లేదు. కౌంటర్లో అబ్బాయిని అడిగాను.

"గూగుల్‌లో కొట్టండి సార్, ఫస్ట్ అదే వస్తుంది" అన్నాడు.