ఎర్రచందనం, శ్రీగంధం ఒకటి కాదు
ఎర్రచందనం సాగు మీద రైతులకు రాసిన ఒక వ్యాసం, ఎర్రచందనం కూడా గంధం చెట్టే, శ్రీగంధం పెంచినట్టే పెంచితే చాలన్న మాట దగ్గర తప్పింది. పేరులో చందనం ఉన్నా ఎర్రచందనం కంది, చిక్కుడు కుటుంబానిది. పూలు పసుపు, కాయ చుట్టూ రెక్క. చెక్క బొమ్మలకు పేరుపడ్డ మన మాధవమాల ఊళ్లో ఎర్రచందనంతో చెక్కిన బొమ్మను ముక్కుకు ఆనించి చూడండి, గంధం వాసన రాదు. ఎర్రచందనం విలువ రంగులో ఉంది. ఆ ఎరుపు నీళ్లలో సరిగా కరగదు, ఆల్కహాల్‌లో బాగా దిగుతుంది. శ్రీగంధం తీరే వేరు. ఆకు పచ్చగానే ఉంటుంది గానీ వేళ్లు పక్క మొక్క వేళ్లను పట్టుకుని నీళ్లు, లవణాలు లాక్కుంటాయి. అందుకే మొక్క నర్సరీ కవర్లో ఉన్నప్పుడే పక్కన కందో, పొన్నగంటో పెంచాలి, పొలంలో సరుగుడు లాంటి చెట్టు తోడుండాలి. తోడు లేకుంటే ఆకు పాలిపోయి మొక్క గిడసబారుతుంది. ఎర్రచందనానికి ఈ తోడు అక్కర్లేదు, నీరు నిలవని నేల కావాలి. శేషాచలం రాతి వాలుల్లో బతికే చెట్టును బురద మడి పక్కన నాటితే వేరు కుళ్లుతుంది. విత్తనానికి కాయ రెక్క కత్తిరించి, నీళ్లలో నానబెట్టి, ఇసుక కలిపిన మడిలో వేయాలి. కాయకు ఒకటి రెండు గింజలే, అందులోనూ తాలు ఎక్కువ. అందుకే 100 మొక్కలకు 100 కాయలు చాలవు. నీళ్లు, ఎరువు దండిగా పెడితే బోదె లావెక్కుతుంది గానీ విలువనిచ్చే లోపలి ఎర్ర చేవ అంత తొందరగా కట్టదు. పదిహేనేళ్లకే లక్షలని ఆ వ్యాసం రైతుకు ఆశ పెట్టడం అన్యాయం. పట్టా భూమిలో చెట్టయినా కొట్టడానికి అటవీ శాఖ అనుమతి కావాలి, ఆ మాట వ్యాసంలో రాసి ఉండాల్సింది.