అడగకుండా రాసిన జీవిత చరిత్రలు

ఒక మనిషి పేరు ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కనిపించేది, చాలా సందర్భాల్లో, వికీపీడియా వ్యాసమే. ఉద్యోగం ఇవ్వబోయేవారు చదివేది అదే, కొత్తగా పరిచయమైనవారు చదివేది అదే. ఆ వ్యాసాన్ని ఆ మనిషి రాయలేదు, రాయమని ఎవరినీ అడగలేదు. దేశాధినేతలకూ ప్రసిద్ధ నటులకూ దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. వారి వ్యాసాలపై వేల కళ్లుంటాయి, తప్పు దొర్లితే నిమిషాల్లో దిద్దుతారు. చిక్కంతా అంచున ఉన్నవారితోనే. ఒకే ఒక్క పుస్తకం అచ్చయిన రచయిత్రి, ఒక సంచలన కేసులో సాక్షిగా నిలిచిన గుమాస్తా, రెండు మ్యాచ్‌లు ఆడి తెరమరుగైన క్రీడాకారుడు వంటివారి జీవిత చరిత్రలను ఉంచాలా, తొలగించాలా?

వికీపీడియాలో ఈ వాదన తొలినాళ్ల నుంచీ ఉంది. చోటుకు కొరత లేదు కనుక ఆధారమున్న ప్రతి వ్యాసాన్నీ ఉంచాలని ఒక పక్షం అంటుంది. ఏరి కూర్చకపోతే అది విజ్ఞాన సర్వస్వం కాదు, పేర్ల చిట్టా అని మరో పక్షం అంటుంది. రెండు పక్షాలూ మాట్లాడుతున్నది పుస్తకం గురించే. పుస్తకంలోకి ఎక్కిన మనిషి మాట ఎవరూ ఎత్తడం లేదు. బ్రిటన్‌లో 1885లో వెలువడటం మొదలైన జాతీయ జీవిత చరిత్రల కోశం మరణించినవారికే చోటిచ్చింది. జీవితం ముగిశాకే వ్యాసం రాసేవారు. వికీపీడియా బతికున్నవారి గురించి రాస్తుంది, రాసినదాన్ని ఎవరైనా మార్చవచ్చు. కాగితం ఖర్చు లేదన్న మాట నిజమే గాని, ఆ వ్యాసానికి ఆ మనిషి బతికినంతకాలం కాపలా కావాలి. ఆ కాపలా కాసేది జీతం లేకుండా వ్యాసాలు రాసే, దిద్దే వాడుకరులు.

కాపలా లేకపోతే ఏమవుతుందో 2005లో తెలిసింది. జాన్ సీగెంథాలర్ అనే అమెరికన్ పాత్రికేయుడి వ్యాసంలో, అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీ, ఆయన తమ్ముడు రాబర్ట్ కెనడీల హత్యల్లో సీగెంథాలర్ ప్రమేయం ఉందని ఒకప్పుడు అనుమానించారంటూ పేరు చెప్పని వ్యక్తి ఒకరు రాశారు. నిజానికి సీగెంథాలర్ రాబర్ట్ కెనడీకి సహాయకుడిగా పనిచేసినవారు, రాబర్ట్ శవపేటికను మోసినవారిలో ఒకరు. నాలుగు నెలలకు పైగా ఆ అబద్ధం అలాగే ఉంది. సీగెంథాలర్‌కు పేరున్న పత్రికలో రాసి నిలదీసే శక్తి ఉంది కనుక లోకం విన్నది. ఆ తరువాతే ఆంగ్ల వికీపీడియా, ఖాతా లేనివారు కొత్త వ్యాసాలు ప్రారంభించకుండా ఆపింది, సజీవుల జీవిత చరిత్రలకు ప్రత్యేక విధానం తెచ్చుకుంది. ఒక్క ఆధారమూ లేని కొత్త జీవిత చరిత్రలను తొలగించే పద్ధతి 2010లో వచ్చింది. ఇవన్నీ మంచి మార్పులే. అయితే అంతటి పాత్రికేయుడి వ్యాసాన్నే నాలుగు నెలలు ఎవరూ పట్టించుకోనప్పుడు, మనం పైన చెప్పిన గుమాస్తా వ్యాసాన్ని ఎవరు చూస్తారు?

అలాగని కత్తెర పట్టినవారి తీర్పు ఎప్పుడూ సరైనదేమీ కాదు. కెనడా భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్లాండ్ గురించిన చిత్తుప్రతి 2018 మే నెలలో తిరస్కరణకు గురైంది. ఆమె ప్రాముఖ్యతను చూపే ఆధారాలు చాలవన్నారు. అదే ఏడాది అక్టోబరు 2న ఆమెకు నోబెల్ బహుమతి ప్రకటించారు. ఏ పరిశోధనకు ఆ బహుమతి వచ్చిందో అది 1985లోనే అచ్చయింది. ఆమెతో కలిసి ఆ పని చేసి, బహుమతి పంచుకున్న జెరార్డ్ మూరూకు అప్పటికే వ్యాసం ఉంది. ఆమె 2013లో అమెరికాలోని ఆప్టికల్ సొసైటీకి అధ్యక్షురాలు కూడా. ఇక్కడ లోపం, విశ్వసనీయమైన, స్వతంత్రమైన ఆధారాలు ఉండాలన్న నియమంలో లేదు, దాన్ని చదివిన తీరులో ఉంది. పత్రికల్లో ఎన్నిసార్లు పేరు వచ్చిందో లెక్కపెట్టారు తప్ప, ఆమె చేసిన పనిని చూడలేదు. పత్రికలు స్త్రీల గురించి తక్కువ రాస్తే వికీపీడియా ఆ తక్కువనే కొలతగా తీసుకుంటుంది. తొలగింపుకు ప్రతిపాదిస్తున్న జీవిత చరిత్రల్లో స్త్రీలవి వారి వాటాకు మించి ఉంటున్నాయని ఫ్రాన్సెస్కా త్రిపోది 2021లో ప్రచురించిన పరిశోధన చూపింది. కనుక వ్యాసాన్ని ఉంచాలా వద్దా అని వాడుకరులు జరిపే తొలగింపు చర్చలో ఓటు వేసే వాడుకరి ముందుగా ఆ మనిషి చేసిన పనిని చదవాలి. చదవడానికి తీరిక లేకపోతే ఓటు వేయకుండా ఉండాలి.

ఇంత చేసినా తేలని వ్యాసాలు మిగులుతాయి. అసలు ప్రశ్న వాటి గురించే. చర్చలో ఏకాభిప్రాయం కుదరకపోతే వ్యాసాన్ని ఉంచడం ఆంగ్ల వికీపీడియాలో ఆనవాయితీ. దీనికి విధానంలో ఒక చిన్న మినహాయింపు ఉంది. అంతగా పేరు లేని, ప్రజా జీవితంలో లేని మనిషి తన వ్యాసాన్ని తీసివేయమని కోరినప్పుడు, చర్చ ఎటూ తేలకపోతే నిర్వాహకులు తొలగింపు వైపు మొగ్గవచ్చు. ఆ ‘మొగ్గవచ్చు’ను ‘మొగ్గాలి’గా మార్చాలని మేము కోరుతున్నాం. ఆ వ్యాసం లేకపోతే పాఠకుడికి కలిగే నష్టం చాలా తక్కువ. ఉంటే మాత్రం ఆ మనిషి దాన్ని జీవితాంతం మోయాలి. ఒకే సంఘటన వల్ల వార్తల్లోకి వచ్చినవారికైతే విడి వ్యాసమే అక్కరలేదు. సంఘటన గురించిన వ్యాసంలో ఒక వాక్యం చాలు.

నా వ్యాసం తీసివేయండి అన్న కోరికకు విలువ ఉన్నప్పుడు, నా వ్యాసం ఉంచండి అన్న కోరికకు ఎందుకు ఉండకూడదని అడగవచ్చు. ఈ రెండూ ఒకటి కావు. తప్పుకోవాలనుకునే మనిషి తన జీవితాన్నే తిరిగి అడుగుతున్నాడు. ఉండాలనుకునే మనిషి పాఠకుల నమ్మకాన్ని అడుగుతున్నాడు, అది అతనిది కాదు. పైగా ఆ కోరిక చుట్టూ వ్యాపారం నడుస్తుంది. డబ్బు తీసుకుని రాస్తున్న 381 ఖాతాలను ఆంగ్ల వికీపీడియా 2015లో నిలిపివేసింది, వాటి నుంచి పుట్టిన 210 వ్యాసాలను తొలగించింది. చిత్తుప్రతి తిరస్కరణకు గురైనవారిని వెతికి పట్టుకుని, సొమ్ము ఇస్తే వ్యాసం పెట్టిస్తామనడం, పెట్టాక దాన్ని తొలగించకుండా కాపాడతామంటూ మళ్లీ సొమ్ము అడగడం వారు చేసిన పని. ఇటువంటివారికి బేరం దొరికేది అంచున ఉన్నవారి దగ్గరే.

అధికారం చెలాయించినవారు, కోరితే తొలగించే ఈ వెసులుబాటు వెనుక దాక్కుంటారన్న భయం న్యాయమైనదే. అందుకే ఇది పదవిలో ఉన్నవారికీ, ప్రజల సొమ్మును చేతిలో పట్టినవారికీ వర్తించకూడదు. వారు ఎంత చిన్న పదవిలో ఉన్నా సరే.

ఇందులో పత్రికలమైన మా బాధ్యత చిన్నది కాదు. విశ్వసనీయమైన, స్వతంత్రమైన ఆధారం అని వికీపీడియా అన్నప్పుడు, ఆ ఆధారం చాలాసార్లు మేము అచ్చువేసిన వార్తే. అరెస్టును ఫొటోతో మొదటి పేజీలో వేస్తాం. కొన్నేళ్లకు కోర్టు కేసు కొట్టివేస్తే లోపలి పేజీలో నాలుగు వాక్యాలు వేస్తాం, ఒక్కోసారి అదీ వేయం. మరుసటి రోజుకు పాతబడిపోతుందనుకున్న ఆ అరెస్టు వార్త ఒక మనిషి జీవిత చరిత్రలో మొదటి పేరా అయి కూర్చుంటుంది. నిర్దోషిగా తేలిన ఆ మనిషి ఆ వ్యాసపు చర్చా పేజీకి వెళ్లి దిద్దమని అడిగితే, అచ్చయిన ఆధారం ఏదీ అని వాడుకరులు అడుగుతారు. వారు అలా అడగడంలో తప్పు లేదు. ఆ ఆధారాన్ని మేము అచ్చువేయకపోవడమే తప్పు. అరెస్టు వార్త ఏ పేజీలో వచ్చిందో, కేసు వీగిపోయిన వార్త కూడా అదే పేజీలో, పూర్తి పేరుతో రావాలి.