సవరణ: ఎస్‌ఎస్ 433 ఎక్స్‌రేల మీద నేను రాసింది తప్పు

గరుడ నక్షత్ర మండలంలోని మైక్రోక్వేజార్ (పక్క నక్షత్రం పదార్థాన్ని లాక్కుని జెట్‌లుగా, అంటే సన్నని ధారలుగా, చిమ్మే జంట) ఎస్‌ఎస్ 433 చుట్టూ విస్తరించిన ఎక్స్‌రేలన్నీ వేడి వాయువువేనని మొన్న రాశాను. తప్పే. వేడి వాయువు సంగతి కేంద్రం దగ్గరి జెట్‌లకే సరిపోతుంది. సుమారు 80 కాంతి సంవత్సరాల అవతల జెట్‌లు మళ్లీ కనిపించే చోట వెలిగేవి మాత్రం అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరిగే ఎలక్ట్రాన్ల సింక్రోట్రాన్ కాంతి. అంత శక్తి ఉన్న ఎలక్ట్రాన్లు కేంద్రంలో బయల్దేరితే దారిలోనే చల్లారిపోతాయి. కాజీపేటలో కొన్న చాయ్ రామగుండం దాకా పొగలు కక్కుతుందా? కక్కుతోందంటే అక్కడే మళ్లీ మరిగించారన్నమాట. కాంతి వేగంలో పావు వంతుకు పైగా దూసుకొచ్చే జెట్‌లో అక్కడ షాక్ (ప్రవాహం ఒక్కసారిగా నెమ్మదించే అంచు) ఏర్పడి ఎలక్ట్రాన్లను మళ్లీ తోస్తోందని నమీబియాలోని హెస్ టెలిస్కోపుల గామా కిరణాల పరిశీలన 2024లో చూపింది. హనుమకొండలో మా డాబా మీద అదే గరుడ మండలంలోని శ్రవణం నక్షత్రాన్ని చూపిస్తూ తమ్ముడికీ ఇదే తప్పు చెప్పాను. వాడికింకా ఫోన్ చేయలేదు.