రిజిస్ట్రేషన్‌కు రుసుమొక్కటే చాలునా?

భారత పశువైద్య మండలి చట్టం, 1984 ప్రకారం పశువైద్యులు ఐదేళ్లకోసారి రుసుము కట్టి రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోవాలి. అందుకు నిర్ణీత గంటల శిక్షణను తప్పనిసరి చేయాలా అన్నది వాదం. మాట్లాడేవారు ఒక మండల పశువైద్యుడు, ఒకప్పుడు ఆయన దగ్గరే ఇంటర్న్‌షిప్ చేసి ఇప్పుడు పాఠాలు చెబుతున్న అధ్యాపకురాలు. నేను ఆమె పక్షమే. అయినా ఆయన మాటను తేలిక చేయలేదు.

వైద్యుడు: 'తప్పనిసరి' అన్న మాట దగ్గరే నాకు పేచీ అమ్మా. ఇరవై ఆరేళ్లుగా రోజూ చూస్తున్న పశువులకంటే పెద్ద బడి ఏముంది?

అధ్యాపకురాలు: పశువు తన రోగాన్ని చూపిస్తుంది గాని, మనమిచ్చిన మందు దాని కళేబరాన్ని తిన్న రాబందును ఏం చేసిందో చూపించదు సార్. నొప్పికీ జ్వరానికీ నమ్మకంగా వాడిన డైక్లోఫెనాక్ రాబందుల మూత్రపిండాలను దెబ్బతీస్తోందని తేలాక, 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. అయినా మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలు కొట్టాలకు చేరుతూనే ఉండటంతో, 2015లో వాటిని ఒక్క మోతాదుకు కుదించవలసి వచ్చింది. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ అనే నొప్పిమందులకూ పశువుల వాడకంలో నిషేధం వచ్చింది. ఏ మందు వద్దో ఉత్తర్వు చెబుతుంది. బదులుగా రాబందులకు హాని చేయని మెలాక్సికామ్‌ను ఎప్పుడు, ఎంత వాడాలో, ఏ పశువుకు నొప్పిమందే అక్కరలేదో ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

వైద్యుడు: ఆ సీసాలు వాడింది మేము కాదు, చదువు లేకుండా సూదుల సంచీతో తిరిగేవాళ్లు.

అధ్యాపకురాలు: వాళ్లు ఎవరి చీటీ చూసి నేర్చుకున్నారు సార్?

వైద్యుడు: చీటీ నాదే కావచ్చు. అర్ధరాత్రి రైతు ఫోనెత్తేది మాత్రం ఊళ్లో పశువులకు సూదులు, ప్రథమ చికిత్స చేసే గోపాలమిత్ర. అతన్ని తప్పుపట్టే ముందు మండలానికి రెండో డాక్టరును వేయించు.

(గోపాలమిత్రల మీద తగవు ఇంకా చాలాసేపు సాగింది, దాన్ని వదిలేస్తున్నాను.)

వైద్యుడు: అసలు ఆ గంటలు ఎలా నిండుతాయో నీకు తెలుసు. మందుల కంపెనీ ఖర్చుతో హోటల్లో సదస్సు, ఒక సంతకం, ఒక భోజనం, ఒక ధ్రువపత్రం. పోనీ నిజమైన శిక్షణకే మూడు రోజులు తిరుపతి పశువైద్య కళాశాలకో రాజేంద్రనగర్ కళాశాలకో వస్తాననుకో, ఇక్కడ దూడ అడ్డం తిరిగిన గేదెను ఎవరు చూస్తారు?

అధ్యాపకురాలు: కంపెనీ పెట్టిన గంటను లెక్కలోకి తీసుకోకూడదని నేనూ అంటాను. గేదె సంగతికి నా దగ్గర జవాబు లేదు. కానీ 2019లో ఒడిశాలో బయటపడి, 2022లో రాజస్థాన్, గుజరాత్‌లను కుదిపేసిన, పశువుల ఒంటినిండా గడ్డలు లేపే ముద్దచర్మ వ్యాధిని (లంపీ స్కిన్) మన కళాశాలల్లో ఎవరం కళ్లారా చూశాం?

వైద్యుడు: మా మండలంలో చూసిన రోజే గుర్తుపట్టాను.

అధ్యాపకురాలు: గుర్తుపట్టి, వైరస్ జబ్బుకు మొదటి రోజే యాంటీబయాటిక్ వేశారు. జ్వరం కనబడగానే అది వేయడం నేను మీ దగ్గరే నేర్చుకున్నాను సార్. మానుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

వైద్యుడు: …సరే. నేను వెళ్లే రోజుల్లో నా వైద్యశాలకు ఎవరిని పంపుతారో ఆ నిబంధనలోనే రాయించు, మొదటి సంతకం నాదే.

అధ్యాపకురాలు: ఆ వాక్యం లేకుండా నిబంధన వస్తే వ్యతిరేకించేవాళ్లలో నేనూ ఉంటాను. ఉంటే మాత్రం మీరు తప్పించుకోలేరు సార్.